షూమన్‌కు కౌంటర్‌పాయింట్ నేర్పిన నవలాకారుడు

1839లో జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ తన సంగీతాన్ని అభిమానించే సిమోనిన్ ద సీర్ అనే బెల్జియం పెద్దమనిషికి ఒక ఉత్తరం రాశాడు. సంగీతం చెప్పిన గురువు దగ్గర కన్నా జాన్ పౌల్ దగ్గరే తాను ఎక్కువ కౌంటర్‌పాయింట్ నేర్చుకున్నానని అందులో ఒక మాట అన్నాడు. జాన్ పౌల్ పాటలు కట్టినవాడు కాదు, నవలలు రాసినవాడు. 1825లో ఆయన పోయేనాటికి షూమన్ 15 ఏళ్ళ కుర్రవాడు.

షూమన్ గురించి రాసిన చోటల్లా ఈ వాక్యం ఎదురవుతూనే ఉంటుంది. పుస్తకాల పిచ్చి ఉన్న కళాకారుడు అభిమానం కొద్దీ అన్న అతిశయోక్తిగా దాన్ని చూసి ముందుకు సాగిపోవడం మామూలు. ఆ మాటను ఉన్నదున్నట్టు తీసుకోవాలని నా వాదన.

కౌంటర్‌పాయింట్ అంటే రెండో మూడో బాణీలు ఒకే సమయంలో నడవడం. ఏదీ మరొకదానికి పక్కవాద్యం కాదు. దేని నడక దానిది, దేని మలుపు దానిది. అయినా కలిపి వింటే ఒకటి మాట్లాడుతుంటే రెండోది బదులిస్తున్నట్టు ఉంటుంది. లైప్‌జిగ్‌లో హైన్రిష్ డోర్న్ షూమన్‌కు ఈ విద్యను నియమాల ప్రకారం చెప్పాడు. ఆ విద్యలో మేటి అయిన బాఖ్‌ను షూమన్ జీవితమంతా తనకు తానుగా చదువుకున్నాడు. కాబట్టి విద్య అందక అన్న మాట కాదిది. జాన్ పౌల్ నేర్పినది ఇంకో రకం: ఒకే మనిషిలో రెండు గొంతులు పలకడం, ఒక మాట సగంలో ఉండగానే ఇంకోటి అడ్డురావడం, ముగిసిందనుకున్నది ముగింపు దాటి ఇంకా మెల్లగా సాగడం. షూమన్ సాహిత్యం నుంచి కథలు తెచ్చుకోలేదు, కథ చెప్పే తీరును తెచ్చుకున్నాడు. ఆ తీరును గుర్తుపట్టకపోతే అతని పియానో రచనలు తలాతోకా లేని ముక్కల్లాగే వినపడతాయి. గుర్తుపట్టాక కూడా వాటిలో పాత్రల్నీ సంఘటనల్నీ వెతుక్కుంటూ కూర్చుంటే ఇంకా పెద్ద నష్టం.

షూమన్ పుట్టింది 1810లో, సాక్సనీలోని త్స్వికావ్ అనే ఊళ్ళో. తండ్రి ఆగస్ట్ షూమన్ పుస్తకాల వ్యాపారి, ప్రచురణకర్త. బైరన్‌నూ వాల్టర్ స్కాట్‌నూ జర్మన్‌లోకి తెచ్చాడు. విదేశీ మహారచయితల పుస్తకాలను జేబులో పట్టే చిన్న సంపుటాలుగా అచ్చువేసి అమ్మాడు. పిల్లవాడు పెరిగింది పియానో ఉన్న ఇంట్లోనే, కానీ ఆ ఇల్లు గడిచింది పుస్తకాల మీద. 14 ఏళ్ళ వయసులోనే తండ్రి వేస్తున్న ఒక పుస్తకానికి వ్యాసాలు రాసిపెట్టాడు. బడిలో స్నేహితులను పోగేసి ఒక సాహిత్య సంఘం పెట్టి, షిల్లర్ నాటకాలు పాత్రలు పంచుకుని చదివించాడు. కవిని కావాలా, సంగీతకారుణ్ని కావాలా అన్నది చాలాకాలం తేల్చుకోలేకపోయాడు.

1828లో, లైప్‌జిగ్‌లో న్యాయశాస్త్రం చదువుకు కుదురుకునే ముందు, ఒక స్నేహితుడితో కలిసి యాత్రకు బయలుదేరాడు. ఆ ప్రయాణంలో రెండు మజిలీలు చూస్తే మనిషి అర్థమవుతాడు. ఒకటి బైరోయిట్. అప్పటికి అక్కడ ఒపెరాల వాగ్నర్ లేడు, ఆయన నాటకశాల లేదు. జాన్ పౌల్ కాపురమున్న ఊరు అది. షూమన్ ఆయన భార్యను చూడటానికి వెళ్తే ఆమె భర్త చిత్రపటం ఒకటి ఇచ్చి పంపింది. రెండోది మ్యూనిక్. అక్కడ కవి హైన్రిష్ హైనను కలిశాడు. అంతకు ముందు ఏడాదే హైన ‘పాటల పుస్తకం’ అచ్చయింది. అందులోని పద్యాలకు షూమన్ బాణీలు కట్టడానికి ఇంకా పన్నెండేళ్ళు పట్టింది. చిన్నప్పుడు చదివినది లోపల ఉండిపోయి, ఏళ్ళు గడిచాక సంగీతంగా బయటికి రావడం అతని జీవితంలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

జాన్ పౌల్‌ను ఇవాళ చదివేవాళ్ళు తక్కువ. ఆయన రాసిన తీరు అలాంటిది. కథ నాలుగడుగులు వేస్తుంది, అంతలో రచయిత తానే వచ్చి ఇంకేదో చెప్పడం మొదలుపెడతాడు. పుట కింద టిప్పణి ఉంటుంది, ఒక్కోసారి టిప్పణి కథ కన్నా పొడుగు. కన్నీళ్ళు పెట్టించే పేరా పక్కనే పొట్టచెక్కలయ్యే పేరా. ‘ఫ్లేగెల్‌యారె’ అనే నవలలో అయితే అధ్యాయాల పేర్లు రాళ్ళవీ గవ్వలవీ. అధ్యాయానికి ఒక వస్తువు చొప్పున, చనిపోయిన ఒక ధనవంతుడి సేకరణలోంచి రచయితకు పారితోషికంగా ఇస్తారన్నది కథలోని ఏర్పాటు. 1804, 1805లలో వచ్చిన ఈ నవలను జాన్ పౌల్ పూర్తిచేయలేదు. షూమన్‌కు ప్రాణప్రదమైన పుస్తకం ఇదే.

అందులో వాల్ట్, వుల్ట్ అని ఇద్దరు కవలలు. వాల్ట్ కలలు కనే కవి, లోకం పోకడ తెలియనివాడు. వుల్ట్ వేణువు వాయిస్తూ ఊళ్ళు తిరిగినవాడు, నోటి పదును ఉన్నవాడు, తోబుట్టువును ప్రేమిస్తూనే అతని అమాయకత్వాన్ని చూసి ఉండలేనివాడు. ఇద్దరూ కలిసి ఒక నవల రాస్తుంటారు. ఇద్దరికీ వీనా అనే ఒకే అమ్మాయి మీద మనసు. చివరి నుంచి రెండో అధ్యాయంలో ముసుగుల నృత్యం ఒకటి జరుగుతుంది. వుల్ట్ పట్టుబట్టి వాల్ట్‌తో వేషం మార్చుకుంటాడు. వాల్ట్ వేషంలో వీనాతో నాట్యం చేస్తూ, ఆమె మనసు ఎవరి మీద ఉందో ఆమె నోటితోనే వింటాడు. ఆ మనసు ఎవరి వేషంలో తానున్నాడో అతని మీదే. ఇక ఉండటంలో అర్థం లేదని వుల్ట్ వేణువు వాయించుకుంటూ వీధిలోకి నడిచి వెళ్ళిపోతాడు. వాల్ట్ ఇంట్లోంచి ఆ దూరమవుతున్న స్వరాలను మైమరచి వింటుంటాడు. ఆ స్వరాలతో పాటు అన్నదమ్ముల బంధం కూడా వెళ్ళిపోతోందని అతనికి తెలియదు. నవల అక్కడితో ఆగిపోతుంది.

షూమన్ రెండో రచన ‘పాపియోన్’ 1831లో అచ్చయింది. ఒక చిన్న ప్రవేశిక, ఆపైన పన్నెండు చిన్న నాట్య ఖండాలు. మొత్తం కలిపి పావుగంట సేపు. ఈ రచన అర్థం కావాలంటే ‘ఫ్లేగెల్‌యారె’ చివరి ఘట్టం చదవండని ఇంట్లోవాళ్ళకు రాశాడు. బెర్లిన్ విమర్శకుడు రెల్‌స్టాబ్‌కూ అదే రాశాడు. షూమన్ సొంత ప్రతిలో ఆ ముసుగుల నృత్యం అధ్యాయంలోని వాక్యాల కింద గీతలు గీసి, పక్కన ఒకటి నుంచి పది వరకూ సంఖ్యలు వేసి ఉన్నాయి. ఇంకేముంది, ఒకటో ఖండం ఫలానా వేషం, ఆరో ఖండం ఫలానా సంభాషణ అంటూ పట్టికలు తయారయ్యాయి.

ఈ పట్టికలంటే నాకు గిట్టదు. వాటిని కాదనే సాక్ష్యం కూడా షూమన్ చేతివ్రాతలోనే ఉంది. 1834లో హెన్రియెట్ ఫోయ్‌ట్ అనే స్నేహితురాలికి రాస్తూ, సంగీతం కింద మాటలు తర్వాత పెట్టాననీ, మాటలకు సంగీతం కట్టలేదనీ స్పష్టంగా చెప్పాడు. చివరి ఖండం ఒక్కటే, మొదటి ఖండానికి జవాబుగా అనుకోకుండా ఏర్పడిందట, జాన్ పౌల్ వల్ల పుట్టిందట.

ఈ ఉత్తరాన్ని పట్టుకుని రెండో పక్షం వాదిస్తుంది: చూశారా, నవల వట్టి తొడుగు, సంగీతం తనంతట తాను పుట్టింది, పుస్తకం సంగతి వదిలేయండి. వీళ్ళతోనూ నేను ఏకీభవించను. మన సినిమాల్లో బాణీ ముందు కట్టి, మాటలు తర్వాత రాయించడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. అంతమాత్రాన మాటకూ బాణీకీ సంబంధం లేదని ఎవరమూ అనం. బాణీలో అప్పటికే ఉన్నదేదో పట్టుకున్న కవిని మెచ్చుకుంటాం. షూమన్ విషయంలో ఆ బాణీ కట్టినవాడు ఏళ్ళ తరబడి ఆ నవలలోనే బతుకుతున్నవాడు.

‘పాపియోన్’లో సరుకు చాలావరకు పాతది. వాల్ట్జులున్నాయి, 1828 నాటి పోలొనేజుల నుంచి తీసుకున్నవి ఉన్నాయి. అలాంటి నాట్య ఖండాలు ఆ కాలంలో ప్రతి ఇంటి పియానో మీదా ఉండేవే. వాటిని ఒక రచనగా మార్చింది అతుకుల పని. ఏ ఖండాన్ని ఎక్కడ తెంచాలి, దేని పక్కన ఏది పెట్టాలి, ఎప్పుడు పాత స్వరం ఒకటి మళ్ళీ తలుపు తోసుకుని రావాలి అన్నది షూమన్ ఏ సంగీత పాఠంలోనూ నేర్చుకునే వీలు లేదు. బేతోవెన్ సొనాటాలో ఇతివృత్తం పెరుగుతుంది, విస్తరిస్తుంది, గమ్యం చేరుతుంది. ఇక్కడ ఏదీ పెరగదు. ఒక మొహం కనిపిస్తుంది, దాన్ని చూసేలోపే మరో మొహం. ముసుగుల నృత్యం అధ్యాయాన్ని జాన్ పౌల్ నడిపిన తీరు సరిగ్గా ఇదే.

ఇక చివరి ఖండం. ‘తాతయ్య నాట్యం’ అనే పాత జర్మన్ బాణీతో మొదలవుతుంది. పెళ్ళిళ్ళలో, విందుల్లో, ఇక అందరూ ఇళ్ళకు బయలుదేరే వేళ వాయించే బాణీ అది. కాసేపటికి, రచన మొదట్లో వినిపించిన వాల్ట్జు మళ్ళీ వస్తుంది. అప్పుడు షూమన్ రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి నడిపిస్తాడు. బరువైన తాతయ్య బాణీ కింద, తేలికపాటి వాల్ట్జు పైన. గురువు దిద్దే లెక్కలో చూసినా ఇది కౌంటర్‌పాయింటే. ఆ తర్వాత వాల్ట్జు వచ్చిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా తరిగిపోతుంది. గడియారం ఆరు కొట్టినట్టు ఒకే స్వరం ఆరుసార్లు మోగుతుంది. ముగింపులో ఒక కార్డ్‌లో, అంటే కలిసి పలికే స్వరాల గుంపులో, స్వరాల మీంచి ఒక్కొక్కటిగా వేళ్ళు తీయమని రాశాడు. కార్డ్ కింది నుంచి పైకి కరిగిపోయి ఒక్క స్వరం మిగులుతుంది. వీధిలో దూరమవుతున్న వేణువును వింటూ నిలబడ్డ వాల్ట్ గుర్తురాక మానడు. ఇక్కడ ఒక్కచోట నవలా, సంగీతమూ నిజంగా కలిశాయని షూమనే ఒప్పుకున్నాడు. కలిసింది కూడా దూరమవడం అనే నడకలో, ముగించే పద్ధతిలో. వేషాలు, పేర్లు, ఎవరు ఎవరితో నాట్యం చేశారన్నవి కాదు.

వాల్ట్, వుల్ట్ అంతటితో షూమన్‌ను వదల్లేదు. 1831లోనే అతని డైరీలో ఫ్లోరెస్టాన్, యూసేబియస్ అనే ఇద్దరు పుట్టారు. ఒకడు దూకుడు, ఒకడు మౌనం. అదే ఏడాది డిసెంబరులో షూమన్ రాసిన మొదటి సంగీత సమీక్ష అచ్చయింది. పియానో స్వరకర్త షోపెన్ రెండో రచన మీద. దాన్ని సమీక్ష అనడం కన్నా చిన్నకథ అనడం సబబు. యూసేబియస్ మెల్లగా తలుపు తోసుకుని వచ్చి, టోపీలు తీయండి, ఇతనొక మహా ప్రతిభావంతుడు అంటూ ఒక స్వరపత్రం పియానో మీద పెడతాడు. ఎవరి రచనో చెప్పడు. వాయించి చూస్తారు, వాదించుకుంటారు, రాత్రివేళ మాస్టర్ రారో ఇంటికి పరుగెడతారు. 1834లో లైప్‌జిగ్‌లో సొంత సంగీత పత్రిక పెట్టాక కూడా ఇదే పద్ధతి. ఒక రచన మీద ఫ్లోరెస్టాన్ ఒకటంటాడు, యూసేబియస్ వేరే అంటాడు, రారో మధ్యలో తీర్పు చెబుతాడు. అందరూ షూమనే. ఒకే అభిప్రాయాన్ని రెండు ముక్కలు చేసి మాట్లాడించడం అతనికి వేషం కాదు, ఆలోచించే విధానమే అది.

అదే విధానం పియానో మీదికి వచ్చింది. 1834, 1835లలో రాసిన ‘కార్నవాల్’లో ‘యూసేబియస్’ అనే ఖండం పక్కనే ‘ఫ్లోరెస్టాన్’ అనే ఖండం. యూసేబియస్ కుడిచేయి ఏడు స్వరాల గుంపులతో, అడుగు ఎక్కడ పడుతుందో తెలియనట్టు సాగుతుంది. ఫ్లోరెస్టాన్ రేగిపోతాడు, మధ్యలో ఉన్నట్టుండి ఏదో గుర్తొచ్చి ఆగుతాడు. ఆ గుర్తొచ్చినది ‘పాపియోన్’ మొదటి వాల్ట్జు. స్వరపత్రంలో అక్కడ షూమన్ ‘పాపియోన్?’ అని ప్రశ్నార్థకంతో అచ్చువేయించాడు. వినేవాడికి అది వినపడదు, చదివేవాడికే కనిపిస్తుంది. జాన్ పౌల్ టిప్పణి అంటే ఇదే. రచయిత కథ మధ్యలోంచి తల పైకెత్తి, ఇది ఇంతకు ముందు ఎక్కడో రాశాను కదూ అన్నట్టు. అదే రచనలో ‘స్ఫింక్సులు’ అని పేరు పెట్టి, వాయించడానికి కాకుండా చూడటానికి మాత్రమే మూడు స్వరవరసలు అచ్చువేశాడు. అప్పట్లో అతను ప్రేమించిన ఎర్నెస్టీన్ ఊరు ఆష్. ఆ ఊరి పేరులోని అక్షరాలు జర్మన్‌లో స్వరాల పేర్లు కూడా అవుతాయి. అవే అక్షరాలు అతని ఇంటిపేరులోనూ ఉన్నాయి. దాదాపు రచన మొత్తం ఆ అక్షరాల మీద కట్టాడు. సంగీతాన్ని పుస్తకంలా పుట తిప్పి చదవాలని కోరుకున్న మనిషి తప్ప ఇంకెవరూ ఈ పని చేయరు.

1837 నాటి ‘డేవిడ్స్‌బుండ్లర్ నాట్యాలు’, అంటే షూమన్ ఊహించుకున్న డేవిడ్ సంఘం సభ్యుల నాట్యాలు, ఇంకో అడుగు ముందుకు వేశాయి. అందులో పద్దెనిమిది ఖండాలు. ఒక్కోదాని కింద ఫ్లోరెస్టాన్ సంతకమో యూసేబియస్ సంతకమో, కొన్నింటికి ఇద్దరి సంతకాలో ఉంటాయి. తొమ్మిదోదాని మీద, ఇక్కడ ఫ్లోరెస్టాన్ ఆగాడు, అతని పెదవులు బాధతో వణికాయి అని రాసి ఉంటుంది. పదిహేడోది ముగిసేసరికి కథ అయిపోతుంది. మొదట్లో విన్న రెండో ఖండం దూరం నుంచి వస్తున్నట్టు తిరిగి వచ్చి, ఉప్పొంగి, అణగిపోతుంది. ఇక చెప్పేందుకు ఏమీ లేదు. అప్పుడు, అవసరానికి మించే అయినా యూసేబియస్ ఇంకా ఈ మాట అన్నాడు, అంటున్నప్పుడు అతని కళ్ళలో ఎంతో ఆనందం పలికింది అనే వాక్యంతో, ఒక చిన్న వాల్ట్జు. నాకు షూమన్ రాసినవాటన్నిటిలోకీ ఇష్టమైన పుట ఇది. రూపం లెక్కలో చూస్తే ఈ ఖండం ఉండనక్కర్లేదు. అక్కర్లేకపోవడమే దాని అందమని షూమన్‌కు తెలుసు. ఎందుకంటే అతను చదివిన నవలల్లో మనసుకు హత్తుకునే చోట్లు కథకు అక్కర్లేని చోట్లే.

దీనికి ఎదురుగా ఒక బలమైన వాస్తవం ఉంది. దాన్ని దాటవేయను. 1850 ప్రాంతంలో ఈ రచన రెండోసారి అచ్చయినప్పుడు షూమన్ ఆ సంతకాలనూ ఆ వాక్యాలనూ తీసేశాడు. కాబట్టి అవి కుర్రతనపు అలంకారాలని అతనే అనుకున్నాడని వాదించవచ్చు. కానీ ఆ వాక్యం పోయాక కూడా పద్దెనిమిదో ఖండం అక్కడే ఉంది. పదిహేడోది ముగిసినట్టే ముగుస్తుంది, దానికి ఎంతో దూరపు శ్రుతిలో పద్దెనిమిదోది మొదలవుతుంది. శీర్షికలు చెరిపినా, చెప్పే తీరు స్వరాల్లో ఇంకిపోయి ఉంది. నా వాదనకు ఇంతకన్నా మంచి రుజువు దొరకదనుకుంటాను.

‘క్రైస్లెరియానా’ 1838 నాటిది. ఈసారి హాఫ్‌మన్. ఆయన రచయితే కాక స్వరకర్త కూడా, ‘ఉండీన’ అనే ఒపెరా రాశాడు, మొజార్ట్ మీద ప్రేమతో తన పేరులో అమడేయస్ చేర్చుకున్నాడు. ఆయన సృష్టించిన యొహన్నెస్ క్రైస్లర్ సగం పిచ్చి, సగం దివ్యత్వం కలిసిన సంగీతకారుడు. హాఫ్‌మన్ ‘ముర్ర్ పిల్లి’ నవలలో ఒక పిల్లి ఆత్మకథ రాసుకుంటూ, సిరా అద్దడానికి చేతికందిన పుస్తకం పుటలు చింపి వాడుతుంది. అది క్రైస్లర్ జీవితచరిత్ర. అచ్చువేసేవాడు రెండింటినీ కలిపేసి అచ్చువేశాడు. క్రైస్లర్ కథ వాక్యం మధ్యలో తెగి పిల్లి మాటలు మొదలవుతాయి, అవి తెగి మళ్ళీ క్రైస్లర్.

షూమన్ ఎనిమిది ఖండాలు వినండి. మొదటిది అప్పటికే ఎవరో మాట్లాడుతుండగా మనం గదిలోకి వచ్చినట్టు మొదలవుతుంది. రెండోది నెమ్మదిగా, తన లోకంలో తాను పాడుకుంటుంది, దానిలోకి రెండుసార్లు వేరే సంగీతం దూసుకొస్తుంది. జీ మైనర్ శ్రుతిలో ఉద్రేకం, బీ ఫ్లాట్ మేజర్ శ్రుతిలో ఏకాంతం వంతులవారీగా వస్తూ పోతూ ఉంటాయి. ఎనిమిదోదానిలో కుడిచేయి గుర్రపు నడక నడుస్తుంటే ఎడమచేతి స్వరాలు అడుగు తప్పి, రావలసిన చోట రాకుండా పడతాయి. చివరికి కింది స్వరాల్లోకి జారి మాయమవుతుంది. షూమన్ ఈ రచనను షోపెన్‌కు అంకితమిచ్చాడు, తర్వాత తన భార్య అయిన పియానిస్టు క్లారాకేమో ఇందులో ముఖ్యపాత్ర నువ్వూ నీ తలపే అని రాశాడు. ఇందులో ఏ ఖండం ఏ సంఘటన అని అడిగితే జవాబు లేదు. హాఫ్‌మన్ దగ్గర అతను తీసుకున్నది తెగిన పుట.

ఈ సంగతి పియానో వాయించేవాళ్ళకు పట్టాలని నా కోరిక. ఈ రచనల్ని అతుకులు కనపడకుండా, ఒక ఖండంలోంచి ఇంకో ఖండంలోకి మెత్తగా జారిపోయేట్టు వాయించడం ఇవాళ చాలా వింటున్నాం. వేళ్ళు ఎంత నేర్పుగలవైనా ఆ వాయింపులో షూమన్ ఉండడు. అతను తెంచినచోట తెగాలి. అడ్డు వచ్చిన సంగీతం నిజంగా అడ్డు రావాలి, వినేవాళ్ళకు ఒక్క క్షణం చిరాకు కలిగినా సరే. ఇందుకోసం నవల చదివి తీరాలా అంటే వినేవాళ్ళకు అక్కర్లేదు. వాయించేవాళ్ళు మాత్రం ఒక్క అధ్యాయమైనా చదవాలంటాను.

కథను సంగీతానికి దారిబోర్డుగా పాతడం షూమన్‌కే ఇష్టం లేదు. 1835లో ఫ్రెంచ్ స్వరకర్త బెర్లియోజ్ ‘ఫెంటాస్టిక్ సింఫనీ’ మీద సుదీర్ఘంగా రాసి, సంగీతాన్ని ఎంతో మెచ్చుకుని, దానితో పాటు పంచిన కథా సారాంశాన్ని మాత్రం నిలదీశాడు. తన ‘బాల్య దృశ్యాలు’ మీద రెల్‌స్టాబ్ సమీక్ష రాసినప్పుడు షూమన్‌కు ఒళ్ళు మండింది. ఏడుస్తున్న పిల్లవాణ్ని ఎదురుగా నిలబెట్టుకుని దానికి సరిపోయే స్వరాలు వెతుక్కున్నానని ఆయన అనుకుంటున్నాడు కాబోలు, నిజానికి శీర్షికలు తర్వాత వచ్చాయి, ఎలా వాయించాలో సూచించడానికే ఉన్నాయి అని డోర్న్‌కు రాశాడు.

సాహిత్యం షూమన్‌కు నేరుగా కథ ఇచ్చిన సందర్భాలు లేకపోలేదు. ‘స్వర్గమూ పరీ’ 1843 డిసెంబరులో లైప్‌జిగ్‌లో అతని ఆధ్వర్యంలోనే మొదటిసారి వినిపించింది. థామస్ మూర్ కవిత ఆధారం. స్వర్గంలోంచి వెలివేతకు గురైన పరీ లోపలికి పోవడానికి కానుక వెతుకుతూ మొదట మన దేశానికే వస్తుంది. గజనీ సేనలను ఎదిరించి నేలకొరిగిన యువకుడి చివరి రక్తపు బొట్టు తీసుకుపోతుంది. అది చాలదంటారు. అప్పట్లో ఈ రచన షూమన్‌కు గొప్ప పేరు తెచ్చింది. అందులో నిజంగా మనోహరమైన చోట్లున్నాయి, కానీ కథ ముందుకు పోవాలి కాబట్టి సంగీతం దాని వెంట నడుస్తుంది, పక్కదారి పట్టే స్వేచ్ఛ ఉండదు. 1850లో వేదికెక్కిన ‘గెనోవేవా’ ఒపెరా నిలవలేదు. బైరన్ ‘మాన్‌ఫ్రెడ్’కు రాసినవాటిలో జనం ఇవాళ్టికీ వినేది మాటలే లేని ప్రారంభ సంగీతం. గోయెథె ‘ఫౌస్ట్’ దృశ్యాలతో 1844 నుంచి 1853 దాకా కుస్తీ పట్టాడు. వాటిలోనూ గొప్పది కథ దాదాపు ఆగిపోయి ధ్యానం మొదలయ్యే చివరి భాగం. కథ ఎంత తక్కువైతే షూమన్ అంత షూమన్.

మరి పాటల సంగతేమిటి, అక్కడ మాటలే కదా ముందున్నవి అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. పాట వాద్య సంగీతం కన్నా తక్కువదని 1839లో కూడా అనుకున్నవాడు, 1840 ఒక్క ఏడాదిలో నూటికి పైగా పాటలు కట్టాడు. క్లారాతో పెళ్ళి కోసం ఆమె తండ్రితో కోర్టులో పోరాడుతున్న ఏడాది అది. సెప్టెంబరు 12న, ఆమెకు 21 నిండే ముందు రోజున, పెళ్ళయింది.

ఆ పాటల్లో ‘డిష్టర్‌లీబె’, అంటే కవి ప్రేమ, హైన పద్యాల మీద కట్టినది. హైన వరసలో 60కి పైగా పద్యాలున్నాయి. షూమన్ మే చివరి వారంలో వాటిలో ఇరవైకి బాణీలు కట్టాడు, 1844లో అచ్చువేసేటప్పుడు పదహారే ఉంచాడు. ప్రచురణకర్త కొడుకు కదా, ఏరడం, కత్తిరించడం, వరస మార్చడం పుట్టుకతో వచ్చిన పని. హైన పుస్తకంలో లేని ఒక కథావరస ఆ ఎంపికతోనే తయారైంది.

షూమన్‌కు హైన వ్యంగ్యం అంతుపట్టలేదనీ, ముల్లున్నచోట పూలు పరిచాడనీ ఒక పాత ఆరోపణ ఉంది. దీనితో నాకు పేచీ. తొమ్మిదో పాట వినండి. ప్రియురాలి పెళ్ళి జరుగుతోంది, వేణువులూ వయొలిన్లూ మోగుతున్నాయి. పియానో ఆ పెళ్ళి నాట్యాన్ని గిర్రున తిప్పుతూనే ఉంటుంది. పాడేవాడికి ఆ బాణీ ఒక్కసారి కూడా దక్కదు. పక్కన నిలబడి తన మాటలు తాను చెప్పుకుంటాడు. అతను ఆపేశాక కూడా నాట్యం సాగుతుంది. ఆనందమూ ఏడుపూ ఒకే సమయంలో, ఒకదాన్నొకటి పట్టించుకోకుండా. వ్యంగ్యం అర్థంకానివాడు ఇలా రాయలేడు. హైన పద్యంలో ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చేవాటిని షూమన్ ఒకేసారి వినిపించాడు. వాల్ట్, వుల్ట్ నేర్పిన విద్య ఇక్కడ పనికొచ్చింది. పదమూడో పాటలో దీనికి పూర్తిగా తిరగేసి, పాడుతున్నంతసేపూ పియానో చాలావరకు నోరెత్తదు, మాట ఆగినచోట పొడిగా కార్డ్‌లు పడతాయి. సంభాషణలో ఒకరు మౌనంగా ఉండటం కూడా జవాబే.

చివరి పద్యంలో హైన తన పాత చేదు పాటల్నీ కలల్నీ పూడ్చడానికి పెద్ద శవపేటిక తెమ్మంటాడు. పేటిక హైడెల్‌బర్గ్ పీపా కన్నా పెద్దది, దాన్ని మోసే పాడె మైంజ్ వంతెన కన్నా పొడవైనది. మోయడానికి పన్నెండుమంది రాక్షసులు కావాలి, దాన్ని సముద్రంలో పడేయాలి. అంత బరువు ఎందుకంటే అందులో తన ప్రేమనూ బాధనూ కూడా పెట్టాడట. కవిత అక్కడితో సరి. తలుపు మూసిన చప్పుడుతో ముగుస్తుంది.

షూమన్ సంగీతం అక్కడ ఆగదు. గొంతు నిలిచిపోయాక పియానో ఒక్కటే చాలాసేపు మాట్లాడుతుంది. అది మాట్లాడేది కొత్తదేమీ కాదు, పన్నెండో పాట చివర పియానో చెప్పినదే. ఆ పన్నెండో పాటలో వేసవి ఉదయాన ప్రేమికుడు తోటలో తిరుగుతుంటే పూలు గుసగుసలాడి అతన్ని జాలిగా చూస్తాయి, మా అక్క మీద కోపం పెట్టుకోకు అని వేడుకుంటాయి. హైన ముగింపులో ఈ వేడుకోలు లేదు, క్షమ అన్న ఊసే లేదు. షూమన్ నాలుగు పాటల వెనక్కి పుట తిప్పి, పూలు అన్న మాటను మాటలు లేకుండా తెచ్చి ఇక్కడ పెట్టాడు. హైన వ్యంగ్యాన్ని అతను మెత్తబరచలేదు. శవపేటిక పద్యాన్ని దాని బరువుతో, దాని గర్జనతో పూర్తిగా పాడించి, ఆ తర్వాతే ఈ మాట అన్నాడు. రెండూ రచనలో ఉన్నాయి, రెండూ ఒకదాన్నొకటి చెరపవు. కవి ఆపినచోట పాఠకుడు తన జవాబు ఇచ్చాడు, ఆ జవాబుకు కావలసిన స్వరాలు కూడా కవి పుస్తకం చదువుతూ అతను కట్టుకున్నవే.